ఈతకు మించిన లోతు

ఈత కొలను గోడ మీద మనిషెత్తు అక్షరాలతో ఒక సామెత రాసి ఉండేది. ఈతకు మించిన లోతు లేదు. రాయించింది ఛాంపియన్. నీలం రంగు తెప్పించి, పెయింటరు పక్కన నిలబడి, ఒక్క అక్షరం కూడా వంకర పోకుండా దగ్గరుండి మరీ రాయించాడు. ఈత నేర్చుకునే కుర్రాడు ఊపిరి కోసం ఎప్పుడు తల తిప్పినా ఆ మాటే కంట పడాలని అతని కోరిక. కోరిక మంచిదే. చెడ్డ కోరికలైతే ఎవరో ఒకరు అడ్డం పడేవాళ్ళు. మంచివాటికి అడ్డం పడేవాడెవడు?

ఛాంపియన్‌కి తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటి ఉండేది. దేశం మొత్తం మీద అతన్ని మించి ఈదేవాడు లేడని తేలిన రోజు నుంచి ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. చెల్లెలు అన్నయ్యా అంటుంది, ఆమె కొడుకులిద్దరూ మావయ్యా అంటారు, మిగతా లోకమంతా ఛాంపియన్ అంటుంది. పెళ్ళి మాట ఎత్తితే పోటీలయ్యాక చూద్దామనేవాడు. పోటీలయ్యేసరికి యుద్ధం వచ్చింది.

యుద్ధానికి మనుషులు కావాలి. మనుషులు రావాలంటే ముందు గోడల మీద బొమ్మలు కావాలి. నౌకాదళం వాళ్ళు ఛాంపియన్‌ని పిలిచి, తెల్ల యూనిఫాం తొడిగి, భుజాలకి లెఫ్టినెంట్ పట్టీలు కుట్టి, ఫోటో తీసుకున్నారు. ఆ బొమ్మ రైల్వే స్టేషన్లో, పోస్టాఫీసులో, బడి గోడల మీద వెలిసింది. అతను మాత్రం ఓడ ఇప్పించమని అడిగాడు. ఒకటికి పదిసార్లు అడిగాడు. "నీలాంటివాణ్ణి ముంచుకుంటే మాకు చెడ్డపేరయ్యా" అని కమాండర్ నవ్వేసి, మునిసిపాలిటీ వాళ్ళ ఈత కొలనుని స్వాధీనం చేసుకుని అతని చేతిలో పెట్టాడు. ఓడల్లో తల నెరిసినవాళ్ళు నోళ్ళు కట్టేసుకుని ఊరుకుంటారా? ఈయనగారి హోదా ఈత చడ్డీకి కుట్టి ఇచ్చారట అని చెప్పుకుని నవ్వారు. ఆ మాట అతని చెవిన పడింది. పడ్డది ఊరికే పోలేదు, ముల్లయి లోపల దిగబడింది.

ఆ ముల్లు పోటుకే ఒళ్ళు దాచుకోకుండా పని చేశాడు. ఓడెక్కబోయే ప్రతి కుర్రాడూ ముందు అతని చేతుల మీదుగా వెళ్ళాలి. మెడలో స్టాప్ వాచీ వేలాడేసుకుని, గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ, ఒక్కొక్కణ్ణీ వాచీకి అప్పజెప్పేవాడు. వాచీ ఒప్పుకుంటే పాసు. లేకపోతే మళ్ళీ నీళ్ళలోకి. అతని పాఠంలో గడబిడ ఏమీ ఉండేది కాదు. నీళ్ళలో పడగానే ముందు బూట్లు వదలాలి, తర్వాత కోటు వదలాలి. బట్టంటే బరువు. బరువు పోయాక ఒడ్డు ఎటుందో చూసుకుని ఇక ఈదడమే. ఎవడైనా లైఫ్ జాకెట్ సంగతి అడిగితే పెదవి విరిచేవాడు. "అది ఈత రానివాడి ఊతకర్ర. కాళ్ళున్నవాడికి ఊతకర్ర ఎందుకురా?" అనేవాడు. రోజూ పాఠం అయ్యాక కుర్రాళ్ళందరి చేతా ఒకే గొంతుతో అనిపించేవాడు: ఆగినవాడు మునుగుతాడు. పలకలు పరిచిన ఆ పెద్ద హాల్లో ఆ మాట పైకప్పుకి తగిలి తిరిగొచ్చేది.

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పందెంలో ఆగినవాడు మునిగినట్టే. కాకపోతే అతనికి తెలిసిన నీళ్ళకి నాలుగు వైపులా గోడలున్నాయి, అడుగున తెల్ల పలకలున్నాయి, వెనక గదిలో నీళ్ళు కాచే బాయిలరు ఉంది, బాయిలర్లో బొగ్గు వేసేవాడున్నాడు. సముద్రంలో అతను దిగింది ఒకే ఒక్కసారి, అది కూడా ఎండాకాలంలో, మోకాళ్ళ దాకా, ఫోటో కోసం.

మేనమామ పోలిక వస్తే అదృష్టవంతుడంటారు. చెల్లెలి పెద్దకొడుకుది ముక్కు దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా మేనమామ పోలికే. ఇంట్లో అందరూ పెద్దాడంటారు. నీళ్ళలోకి దూకితే వాడూ నీళ్ళూ ఒకటే అన్నట్టుండేది. పెద్దాడి చేతులు పడే తీరు చూస్తూ ఛాంపియన్ ఒక్కోసారి వాచీ నొక్కడం మర్చిపోయేవాడు. పరాయి పిల్లలు నొచ్చుకుంటారని వాణ్ణి నలుగురి ముందు పొగిడేవాడు కాదు గానీ, ఇంటికెళ్ళి చెల్లెలి దగ్గర పొగిడిందే పొగిడేవాడు.

అందరూ పెద్దాడిలాంటివాళ్ళే అయితే ఇంకేం కావాలి. ఆ బ్యాచిలోనే ఓడ మీద బ్యూగిల్ ఊదే మనిషొకడు ఉన్నాడు. ఊపిరితిత్తులు కొలిమి తిత్తులంత ఉన్నాయి, నీళ్ళు చూస్తే మాత్రం వాటిలో గాలి నిలవదు. కొలను అంచునున్న ఇనప కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడంటే ఇద్దరు మనుషులు లాగినా వదిలేవాడు కాదు. పెద్దాడే వాడికి గట్టు అని పేరు పెట్టాడు. చివరి పరీక్ష రోజున కూడా గట్టు గట్టునే పట్టుకుని వేలాడాడు. ఛాంపియన్ వాణ్ణి పాసు చేయనన్నాడు. ఓడకి బ్యూగిల్ మనిషి కావాలని కమాండర్ పట్టుబట్టి పంపించాడు. ఛాంపియన్‌కి ఒళ్ళు మండి అందరి ముందూ అనేశాడు: "నువ్వు పోయేది నీళ్ళలోనే. నా దగ్గర నేర్చుకున్నావని మాత్రం ఎవరికీ చెప్పకు." కుర్రాళ్ళంతా నవ్వారు. గట్టు కూడా నవ్వాడు, తల తుడుచుకుంటూ.

చలికాలం మధ్యలో ఆ ఓడ మునిగింది.

టార్పెడో తగిలిందన్నారు. ఒడ్డు కనిపించేంత దగ్గర్లోనే మునిగిందన్నారు. పడవలు వెళ్ళి కొందరిని తీసుకొచ్చాయన్నారు. తీసుకొచ్చినవాళ్ళలో పెద్దాడు లేడు, దొరికిన శవాల్లోనూ లేడు. జాడ తెలియలేదని నౌకాదళం మనిషి వచ్చి చెల్లెలికి చెప్పి, టోపీ చేత్తో పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఛాంపియన్ పరుగున వెళ్ళాడు. భర్త పోయినప్పటి నుంచీ అతని గడియారాల కొట్టు చెల్లెలే నడుపుతోంది. ఆమె ఏడవడం లేదు. అన్న మొహం వంక చూస్తోంది, అంతే. తాను ఏడవాలో వద్దో అతని మొహం చూసి తేల్చుకుందామని చూస్తోంది. ఆ చూపుకి తట్టుకోలేక అతను గోడ మీది పటం కిందికి దింపి, గాజు కౌంటర్ మీద పరిచి, ఓడ మునిగిన చోటికీ ఒడ్డుకీ మధ్య వేళ్ళు పెట్టి కొలిచాడు.

"ఇదా దూరం? ఇది వాడికో లెక్కా? రోజూ పొద్దున్నే ఇంతకంటే ఎక్కువ ఈదించేవాణ్ణి. ఆ ఒడ్డు శత్రువులది కాబట్టి ఎక్కడో పట్టుకుని కూర్చోబెట్టి ఉంటారు. యుద్ధం అయ్యాక పంపుతారు" అన్నాడు.

"నువ్వు చెబుతున్నావంటే అంతే అన్నయ్యా" అంది ఆమె. పటం మడిచి సొరుగులో పెట్టుకుంది. అతను చెప్పింది ఆమె కోసమే కాదు, తానూ నమ్మాడు. ఆ రాత్రి ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు నిద్రపోయారు కూడా.

ఆ రోజు నుంచీ ఆమె ధైర్యం ఊరికి చెప్పుకునే సంగతైంది. అదే ఓడలో కొడుకుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళు కొట్టుకొచ్చి కూర్చుంటే వాళ్ళకి టీ ఇచ్చి తనే ఓదార్చేది. "మీ అబ్బాయీ మా అన్నయ్య దగ్గరే నేర్చుకున్నాడు కదా. ఈదాడనే అనుకోండి" అనేది. వాళ్ళు కళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళు. ఒకామె అయితే కొలను దాకా వచ్చి ఛాంపియన్ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

గట్టు ఆస్పత్రి నుంచి వచ్చింది ఆ తర్వాత. కొలనులో ఎవరూ లేని మధ్యాహ్నం పూట, రెండు పాదాలకీ కట్లతో, చేతికర్ర పోటేసుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఛాంపియన్ మొదట పోల్చుకోలేదు. పోతాడని తాను శపించినవాడు ఎదురుగా నిలబడ్డాడు, బతుకుతారని పాసు చేసినవాళ్ళు లేరు.

"కూర్చో" అన్నాడు చివరికి.

గట్టు నీళ్ళకి దూరంగా, గోడవారన ఉన్న బల్ల చూసుకుని కూర్చున్నాడు. ఇంకా ఆ భయం పోలేదు.

"మీకు చెప్పకుండా ఉండలేక వచ్చాను సార్. చెప్పాక తన్నినా సరే" అన్నాడు.

"చెప్పు."

"ఓడ ఒరిగిపోయింది. అందరం నీళ్ళలో పడ్డాం. నా జాకెట్ ఎక్కడుందో నాకే తెలీదు, గంగవెర్రులెత్తినట్టు అరుస్తున్నాను. పెద్దాడు ఈదుకుంటూ వచ్చి తన జాకెట్ విప్పి నాకు తొడిగాడు. నాకెందుకురా ఇది, చేతులకి అడ్డం అన్నాడు. నవ్వాడు సార్. ఒడ్డు కనబడుతోంది. కొండ, కొండ మీద ఇల్లు, అన్నీ కనబడుతున్నాయి. వాడు అందరినీ కేకేశాడు. బూట్లు వదలండి, కోట్లు వదలండి, ఆగినవాడు మునుగుతాడు, పదండి అన్నాడు. మన బ్యాచి అంతా బయల్దేరారు. మీరు చూసుంటే మురిసిపోయేవారు. ఒకడి వెనక ఒకడు, ఇక్కడ ఈదినట్టే ఈదారు."

"నువ్వు?"

"నాకు రాదు కదా సార్. నాలాంటి చేతకానివాళ్ళం కొందరం మిగిలాం. వంటవాడూ, ఇంజన్లకి నూనె వేసేవాళ్ళిద్దరూ, ఒక ముసలాయనా. ఒక చెక్క తలుపు దొరికితే దాన్ని పట్టుకుని, భయంతో ఒకళ్ళనొకళ్ళు కరుచుకుని, ముడుచుకుపోయి ఉన్నాం. కోట్లు విప్పే ధైర్యం కూడా లేదు."

బాయిలరు గదిలో బొగ్గు పార చప్పుడు వినిపించింది.

"నిండా మునిగినవాడికి చలేమిటంటారు. ఉంటుంది సార్. చలే చంపింది వాళ్ళని. ఒక్కడూ మునగలేదు. మొదట వరస చెదిరింది. తర్వాత చేతులు ఎత్తడం తగ్గింది. మన కొలనులో పొద్దున్నే ఈదే దాంట్లో సగం దూరం కూడా పోలేదు. పెద్దాడు అందరికంటే ముందున్నాడు. వెనకబడ్డవాడి కోసం తిరిగి వచ్చాడు. వాణ్ణి లాగబోయాడు. తర్వాత పెద్దాడి చేతులు కూడా ఆగిపోయాయి. అరవలేదు సార్, అలసిపోయి పడుకున్నట్టు పడుకున్నాడు. నేను కళ్ళారా చూశాను. పడవ వచ్చేసరికి మేము ఇంకా తలుపు పట్టుకునే ఉన్నాం. ఆస్పత్రిలో డాక్టర్ అన్నాడు, చన్నీళ్ళలో ఎంత ఈదితే ఒంట్లో వేడి అంత తొందరగా పోతుందట. కదలకుండా ముడుచుకుని ఉన్నవాడే బతుకుతాడట. మీకు కదలకుండా ఉండాలని ఎవరు నేర్పారు అని అడిగాడు. ఎవరూ నేర్పలేదు, నాకు ఈత రాదన్నాను."

ఛాంపియన్ మెడలోని స్టాప్ వాచీని గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా గోడ మీద అంతెత్తు అక్షరాలు. అవి కనబడకుండా ఎటు తిరగాలో అతనికి తోచలేదు, ఎటు తిరిగినా కనబడేలా రాయించింది తనే.

"వాళ్ళమ్మగారికి నేను చెప్పలేను సార్. ఒంటి మీద వాడి జాకెట్‌తో బయటపడ్డవాణ్ణి. మీరు చెబుతారని వచ్చాను" అన్నాడు గట్టు లేస్తూ.

చెప్పాలి. తెల్లారగానే అదే పని మీద చెల్లెలి కొట్టుకి వెళ్ళాడు. దారంతా మాటలు కూర్చుకున్నాడు. ముందు వాడు లేడని చెప్పాలి. తర్వాత ఎందుకు లేడో చెప్పాలి. మొదటిది వింటే ఆమె ఏడుస్తుంది, ఓదార్చవచ్చు. రెండోది విన్నాక ఓదార్చడానికి ఏ మొహం పెట్టుకుని నిలబడతాడు? అయినా చెప్పాలి. వాడి తల్లికి తెలియకుండా దాచే హక్కు ఎవరికీ లేదనుకుంటూనే గడప దాటాడు.

కొట్టు నిండా గడియారాలు, ఏ రెండూ ఒక మాట మీద ఉండవు. చెల్లెలు కంటికి భూతద్దం బిగించుకుని, సన్న చిమటాతో ఏదో వాచీలో పని చేస్తోంది.

"రా అన్నయ్యా. ఇటు ఊపిరి మాత్రం వదలకు, స్ప్రింగు ఎగిరిపోతుంది" అంది తలెత్తకుండా.

"ఎవరిదది?"

"పెద్దాడిదే. లోపలికి నీళ్ళు పోతున్నాయని వదిలేసి వెళ్ళాడు, వెధవ. వాడొచ్చేలోపు బాగుచేసి పెడదామని. ఈసారి మూత ఎంత గట్టిగా బిగించానంటే, సముద్రమంతా ఈదినా చుక్క పోదు."

అతను కూర్చున్నాడు. "నిన్న గట్టు వచ్చాడు" అన్నాడు.

"ఎవరు, ఆ బ్యూగిల్ అబ్బాయా?" ఆమె భూతద్దం తీసేసింది. మొహమంతా వెలుగొచ్చింది. "బతికాడా? పోన్లే పాపం. నువ్వు అంత మాట అన్నావని పెద్దాడు నీ మీద కోప్పడ్డాడు కూడా. చూశావా మరి, కడ్డీ వదలనివాడే బతికి వచ్చాడంటే ఇక మనవాడి సంగతి చెప్పాలా?"

దారిలో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నాలుక మీదికి రాలేదు. ఆమె లేచి వచ్చి అతని పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"ఒక సంగతి చెప్పాలి. చిన్నాడికి పిలుపొచ్చింది. వాణ్ణీ నౌకాదళంలోనే వేశారు. ఇరుగుపొరుగు అందరూ అయ్యో అన్నారు. నేను అనలేదు. వాడు పెద్దాడిలా కాదు, నీళ్ళంటే అంత ఇష్టం లేదు, అయినా నీ చేతిలో పెడితే నాకు బెంగ లేదు. వాడికీ నేర్పు అన్నయ్యా. పెద్దాడికి నేర్పినట్టే నేర్పు."

అతనికి లేచి పారిపోవాలనిపించింది. చెల్లెలి చెయ్యి అతని చేతి మీద ఉంది. పెట్రోలు వాసన వేసే, మరలు బిగించి బిగించి గట్టిపడిన వేళ్ళు.

"రేపు తీసుకురా" అన్నాడు.

పిరికితనం ఒకసారి చేసిన పనిని రెండోసారి ఇంకా తేలిగ్గా చేస్తుంది. ఆ రెండోసారి రాకూడదని కొట్టులోంచి బయటపడి నేరుగా కమాండర్ దగ్గరికి వెళ్ళాడు. చెల్లెలికి చెప్పలేనిది నౌకాదళానికైనా చెబుదామనుకున్నాడు. పద్ధతి మార్చాలన్నాడు. బట్టలు విప్పకూడదని, జాకెట్ తీయకూడదని, గుంపుగా ముడుచుకుని కదలకుండా ఉండాలని నేర్పాలన్నాడు. కమాండర్ కిటికీ పక్కన వెచ్చగా కూర్చుని అంతా విన్నాడు.

"కుర్రాళ్ళకి ధైర్యం నేర్పమంటే ముడుచుకు పడుకోవడం నేర్పుతానంటావేంటయ్యా?"

"వాళ్ళు మునిగి చనిపోలేదు సార్. నేను చెప్పింది చేసి పోయారు."

కమాండర్ మొహంలో నవ్వు పోయింది. "ఆ మాట ఇక్కడితో ఆపు. బయట తల్లులున్నారు. వచ్చే వారం ఫోటోగ్రాఫర్లు వస్తున్నారు, వాళ్ళకి ఈత కావాలి. పద్ధతి సంగతి యుద్ధం అయ్యాక చూద్దాం" అన్నాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. అతనికి కొత్త ఓడలున్నాయి, వాటికి మనుషులు కావాలి.

మర్నాడు పొద్దున చెల్లెలు కొట్టు మూసి మరీ వచ్చింది. చేతిలో తువ్వాలు, వెనక చిన్నాడు. పందేల రోజుల్లో అన్న బట్టలు ఒళ్ళో పెట్టుకుని ఏ బల్ల మీద కూర్చునేదో అదే బల్ల మీద కూర్చుంది. ఛాంపియన్ ముందు రోజే బాయిలరు ఆర్పించాడు. రాత్రంతా చల్లబడిన నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

చిన్నాడు బూటు లేసు మీద చెయ్యి వేశాడు.

"విప్పకు. కోటు కూడా ఉండనీ. జాకెట్ వేసుకో" అన్నాడు ఛాంపియన్. తానే దగ్గరికెళ్ళి పట్టీలన్నీ బిగించాడు. ఒకసారి బిగించింది మళ్ళీ చూశాడు.

"అదేంటన్నయ్యా?" బల్ల మీద నుంచి చెల్లెలు నవ్వింది. "ముందు బూట్లు కదా నీ పాఠం. పెద్దాడు స్నానాల గదిలో కూడా అదే వల్లించేవాడు."

"ఇది కొత్త పద్ధతి."

చిన్నాడు బట్టలతోనే నీళ్ళలో దిగి ఊపిరి బిగపట్టాడు. ఛాంపియన్ గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, కొలనులో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో, బతిమాలుతున్నట్టు చెప్పాడు.

"మోకాళ్ళు గుండెకి ఆనించు. చేతులతో కావిలించుకో. అంతే. ఇక కదలకు. జాకెట్టే నిన్ను తేలుస్తుంది. కదిలావా, ఒంట్లో వేడి పోతుంది. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళని కరుచుకుని ఉండు. ఒడ్డు కనబడినా వెళ్ళకు. దగ్గర్లో కనబడితే అసలే వెళ్ళకు. కొండా, కొండ మీద ఇల్లూ కనబడుతున్నా సరే వెళ్ళకు. పడవ వచ్చేదాకా ఆగు."

చెల్లెలి నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. ఆమె బల్ల మీంచి లేచి, తడి పలకల మీద మెల్లగా నడిచి వచ్చింది.

"నీ వాచీ ఏది?" అని అడిగింది.

"ఇంట్లో ఉంది."

"చెడిపోయిందా? ఇస్తే చూసేదాన్ని కదా."

"చెడిపోలేదు."

"మరి వీడికి ఈత నేర్పవా?"

"ముందు ఇది రావాలి."

"పెద్దాడికి నేర్పావా ఇది?"

అతను నీళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు. "లేదు" అన్నాడు.

"ఎందుకు నేర్పలేదు?"

"అప్పుడు నాకు తెలీదమ్మా."

"ఇప్పుడెలా తెలిసింది?"

ఆగిపోయిన గడియారం మూత తీసి, ఎక్కడ ఆగిందో చూడటం ఆమె రోజూ చేసే పని. ఆమెకి జవాబు అక్కర్లేకపోయింది. గట్టు మీద అతని పక్కనే చతికిలబడింది. తువ్వాలు ఒళ్ళోనే ఉంది. ఏడుపు వస్తుందని అతను ఎదురుచూశాడు. ఏడిస్తే బాగుండుననిపించింది.

"ఆ అబ్బాయి చూశాడా?" అంది.

"చూశాడు."

"ఎంత దూరం ఈదాడు?"

"ఎంతో దూరం లేదు."

"బాగా ఈదాడా?"

"బాగా ఈదాడు. నేను నేర్పినట్టే ఈదాడు."

ఆమె తల ఊపింది. తువ్వాలు మడత విప్పింది, మళ్ళీ అదే మడత వేసింది. "నువ్వు పటం మీద వేళ్ళు పెట్టి చూపించావు. ఇంతే దూరం అన్నావు. నేను ఊళ్ళో అందరికీ అదే చెప్పాను" అంది. అతని వంక చూడలేదు. "ఒక్కసారైనా నీ మాట వినకుండా ఉండాల్సింది వాడు."

అతను క్షమించమనలేదు. ఆ మాట అనడానికి కూడా మనిషికి ఎంతో కొంత మొహం మిగిలి ఉండాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తాను ఇప్పుడు నేర్పుతున్న ఈ పాఠం పెద్దాడి ప్రాణంతో కొన్నదని ఇద్దరికీ తెలుసు. వచ్చే వారం ఫోటోల కోసం ఇదే గట్టు మీద నిలబడి, కొత్త కుర్రాళ్ళ చేత బూట్లు విప్పించాలని అతనొక్కడికే తెలుసు. అవునో కాదో కమాండర్‌కి ఇంకా చెప్పలేదు. చెప్పగలడన్న నమ్మకం తన మీద తనకే లేదు.

"మావయ్యా" అన్నాడు చిన్నాడు నీళ్ళలోంచి. పెదవులు నల్లబడ్డాయి, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "ఇంకా కదలకూడదా?"

ఛాంపియన్ నోరు తెరిచాడు. ఏ మాట చెప్పినా వాడు వింటాడని గుర్తొచ్చింది. చెల్లెలు తువ్వాలు గుండెలకి అదుముకుని నీళ్ళ వంకే చూస్తోంది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి చిన్నాడు మోకాళ్ళు ఇంకాస్త దగ్గరికి లాక్కుని, మావయ్య చెప్పేదాకా అలాగే ఉండాలనుకున్నాడు.